థర్మామీటరు 74 చూపినా ఎముక దగ్గర ఎరుపెందుకు?

మీ ప్రశ్నలో రెండు ఫిర్యాదులున్నాయి. కొత్తగా కొన్న మూత గ్రిల్ మీద కోడి తొడలు కాల్చారు. థర్మామీటరు 74 డిగ్రీలు చూపింది, కొరికితే ఎముక చుట్టూ ఎర్రగా ఉంది. మరో ఆదివారం మేక రాన్, అంటే మొత్తం కాలు, పెట్టారు. 71 దాటగానే దించారు, పళ్లు నొప్పెట్టేంత గట్టిగా వచ్చింది. ఇదంతా చూసి, ఏళ్ల తరబడి డాబా మీద కుంపటి ముందు కూర్చున్న మీ మామగారు ‘ఆ డబ్బా పక్కన పడేసి వేలితో నొక్కి చూడండి’ అన్నారు. ఎవరి మాట వినాలన్నది మీ సందేహం. హోటల్ వంటగదుల్లో బొగ్గుల పొయ్యి దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు హైదరాబాద్‌లో ఫంక్షన్లకు కబాబులు, రాన్‌లు కాల్చి పంపేవాడిని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. రెండు సార్లూ మీ థర్మామీటరు చెప్పింది నిజమే అయి ఉంటుంది. కాకపోతే ముక్క మధ్యలో వేడి ఎంత ఉందన్నదే దానికి తెలుసు. ముక్క మెత్తబడిందా అన్న సంగతి దానికి తెలియదు.

ముందు కోడి సంగతి. మనకు దుకాణంలో దొరికే బ్రాయిలర్ కోడి వయసు ఆరు వారాలకు అటూ ఇటూగా ఉంటుంది. అంత లేత కోడికి ఎముకలు పూర్తిగా గట్టిపడవు. వేడి తగలగానే లోపలి మూలుగ రంగు ఎముకలోంచి ఊరి చుట్టూ ఉన్న మాంసానికి పడుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి తీసిన కోడి అయితే ఈ మరక ఇంకా ముదురుగా ఉంటుంది. దీనికి తోడు బొగ్గుల మీద, పొగలో వండినప్పుడు నిప్పుల్లోంచి వచ్చే వాయువులు మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిసి గులాబీ రంగును నిలిపేస్తాయి. ఎంత ఉడికినా ఆ రంగు పోదు. పొగబెట్టిన మాంసాన్ని కోస్తే అంచున కనిపించే ఎర్రటి వలయం ఇదే. కాబట్టి ఎరుపు కనిపించినంత మాత్రాన పచ్చి అనుకోనక్కర్లేదు. దీనికి తిరగేసిన ప్రమాదం ఇంకా పెద్దది. కీమా కొన్నిసార్లు 71కి చేరకముందే గోధుమరంగుకు తిరుగుతుంది, చూసినవాళ్లు ఉడికిందనుకుంటారు. పైగా మనం పట్టించే మసాలాలో కాశ్మీరీ కారం, పసుపు ఉంటాయి. ఆ రంగు కింద మాంసం అసలు రంగు ఎవరికి కనిపిస్తుంది? గుచ్చితే కారే రసం తేటగా ఉందా లేదా అన్న పాత పరీక్ష కూడా తందూరీ కోడి దగ్గర పనికిరాదు, కారేదంతా ఎర్రటి నూనే.

అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే అంకెలు గుర్తుంచుకుంటే చాలు: కోడి ఏ భాగమైనా, కోడి కీమా అయినా 74, మటన్ కీమా 71, మేక, గొర్రె కోతలు 63 దాకా వచ్చి మూడు నిమిషాలు ఆగాలి. క్రిములు చావడానికి వేడి ఎంత అన్నదే కాదు, ఆ వేడి ఎంతసేపు నిలిచిందన్నదీ ముఖ్యమే. 74 దగ్గర తక్షణం జరిగే పని 65 దగ్గర కొన్ని నిమిషాలు, 60 దగ్గర సుమారు అరగంట పడుతుంది. అందుకే రొమ్ము ముక్కను నెమ్మదిగా వండేవాళ్లు 68 దగ్గరే దించి మూతపెట్టి ఉంచుతారు. మీరు ఇప్పుడే ఆ జోలికి వెళ్లకండి. తొడలకైతే 74 క్షేమమే కానీ రుచికి చాలదు. తొడలో కీళ్ల చుట్టూ ఉండే జిగురు కరగాలంటే 80 దాటాలి. నేను 82 నుంచి 85 మధ్య దించుతాను. రొమ్ము అక్కడిదాకా వెళితే పీచయిపోతుంది, తొడ మాత్రం అక్కడే బాగుంటుంది.

ఇక మీ రాన్. ఇక్కడ చెప్పుకోవలసింది ఎక్కువ.

మేక కాలు రోజంతా కొండలెక్కి దిగిన కండ. దాని నిండా కొలాజెన్ అనే గట్టి పీచు పొరలుంటాయి. 60 దాటాక ఆ పొరలు బిగుసుకుని కండలోని నీటిని పిండేస్తాయి. 70 దాటిన తరువాతే అవి నెమ్మదిగా జెలటిన్‌గా కరగడం మొదలవుతుంది. 80, 90ల్లో ఆ పని చురుగ్గా సాగుతుంది. అంటే 65 నుంచి 75 వరకు ఉన్న మెట్టు మేక మాంసానికి అన్నిటికంటే చెడ్డ చోటు: నీరు పోయింది, జిగురు కరగలేదు. మీరు సరిగ్గా అక్కడ దించారు. తిన్నవాళ్లకు కడుపునొప్పి రాలేదు కదా? అంటే థర్మామీటరు తన మాట నిలబెట్టుకుంది. విదేశీ వంటల పట్టికల్లో గొర్రెపిల్ల కాలుకు 57, 60 అని రాసి ఉంటే అది లోపల ఎర్రగా కోసుకు తినేవాళ్ల లెక్క. మన ఇళ్లలో అలా వడ్డిస్తే పళ్లెం అలాగే వెనక్కి వస్తుంది. మనకు కావలసింది ఎముక నుంచి ఊడివచ్చే రాన్. దానికి 90 దాటాలి, దాటాక కూడా కాసేపు అక్కడ ఉండాలి.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మనకు మటన్ అంటే తెల్లవారుజామున కోసింది, పొద్దున్నే తెచ్చుకున్నది. కబేళా ఉన్న జియాగూడ నుంచి వచ్చిన వేడివేడి మాంసమని దుకాణంవాళ్లు గొప్పగా చెబుతారు. కూరకైతే అది సరే, కుక్కర్ అన్నింటినీ దారికి తెస్తుంది. నిప్పుల మీదికి మాత్రం తాజా మాంసం పనికిరాదు. జీవం పోయిన కొన్ని గంటల్లో కండ బిగుసుకుంటుంది, మళ్లీ సడలడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ బిగుతులో ఉన్న కాలును ఏ ఉష్ణోగ్రతకు వండినా మీతో పోట్లాడుతూనే ఉంటుంది. ఆదివారం రాన్ కావాలంటే శుక్రవారం తెచ్చి, ఫ్రిజ్‌లో కింది అరలో రెండు రాత్రులు ఉంచండి. ఈ విషయం థర్మామీటరు మీకు చెప్పలేదు. మీ మామగారి వేలు చెప్పగలదు: పచ్చి కాలును నొక్కితే సడలిందో లేదో తెలిసిపోతుంది.

అలాగని వేలిని అన్నిచోట్లా నమ్మకండి. నొక్కి చూసి ఉడుకు చెప్పడమన్నది చాలావరకు బొప్పాయి ముద్ద రాయని మాంసానికి పనికొచ్చే విద్య. హైదరాబాదీ బోటీ కబాబుకైనా, రాతి పలక మీద కాల్చే పత్తర్ కా గోష్త్‌కైనా పచ్చి బొప్పాయి పడవలసిందే. అందులోని పపైన్ అనే ఎంజైము మాంసం పైపొరను తినేస్తుంది. లోపల ఇంకా పచ్చిగా ఉండగానే పైన వేలు మెత్తగా దిగిపోతుంది. ఇది చాలామంది అనుభవజ్ఞులను కూడా మోసం చేస్తుంది. పపైన్ 50 నుంచి 70 డిగ్రీల మధ్య మరీ చురుగ్గా ఉంటుంది కాబట్టి మండే నిప్పుల మీద ఆ మెట్టును నాలుగు నిమిషాల్లో దాటే బోటీకి నష్టం లేదు. గంటల తరబడి పొగలో నెమ్మదిగా వేడెక్కే రాన్‌కు బొప్పాయి రాస్తే పైపొర పిండిముద్దలా రాలిపోతుంది. పొగబెట్టే మాంసానికి బొప్పాయి వద్దే వద్దు. పెరుగు, అల్లం వెల్లుల్లి, ఉప్పు చాలు.

మరి అనుభవం ఉన్నవాళ్ల చేయి ఎందుకు తప్పదు అంటారా? హైదరాబాద్‌లోని బార్కస్ వెళ్లి మండీ (మాంసంతో వడ్డించే అరబ్బుల అన్నం) వండే ఉస్తాదులను చూడండి. నిజాముల కాలంలో సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన కుటుంబాల వారసులు ఎక్కువగా ఉండే పేట అది. గుంత పొయ్యిలో నిప్పులు సిద్ధం చేసి, మాంసం దించి, పైన మూసేస్తారు. ఆ తరువాత లోపల ఏం జరుగుతోందో చూసే వీలే లేదు. అయినా తెరిచేసరికి మాంసం సరిగ్గా ఉంటుంది. మహిమేమీ కాదు. రోజూ అదే గుంత, అదే దుకాణం నుంచి అదే బరువు పొట్టేళ్లు, అవే కట్టెలు. మారేవి అన్నీ ఆగిపోతే గడియారమే థర్మామీటరవుతుంది. మీ మామగారి చేయి కూడా అలాంటిదే. తెరిచిన కుంపటి, ఒకే సైజు కోడి ముక్కలు, పక్కవీధి దుకాణం బొగ్గు: వీటి మధ్య ఆయన అంచనా తప్పకపోవచ్చు. మీరు తెచ్చిన గ్రిల్‌కు మూత ఉంది. కింద నుంచే కాక నాలుగు వైపుల నుంచీ వేడి కొడుతుంది. రెండు కిలోల కాలు ఎక్కింది. ఆయన లెక్కలో ఇవేవీ లేవు. చేతిలో లోపం లేదు, చేతికి అలవాటైన పొయ్యి మారింది.

థర్మామీటరును నమ్మే ముందు దాన్ని కూడా పరీక్షించాలి. గ్లాసు నిండా పగలగొట్టిన ఐసు వేసి, సందులు నిండేంత నీళ్లు పోసి, కలిపి, రెండు నిమిషాలాగి ములుకు ముంచండి. 0 చూపాలి. ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే ఫరవాలేదు. మరిగే నీళ్లలో కూడా చూడవచ్చు, కానీ అక్కడ 100 కోసం ఎదురుచూడకండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, మన ఊళ్లో నీళ్లు 98 డిగ్రీల చిల్లరకే మరుగుతాయి. 98 చూపిందని మంచి థర్మామీటరును దుకాణానికి తిరిగి ఇచ్చేసిన పెద్దమనుషులున్నారు.

ములుకు ఎక్కడ దిగిందన్నది ఇంకా ముఖ్యం. ముక్కలో మందమైన చోట, మధ్యలోకి, ఎముకకు తగలకుండా దిగాలి. ఎముక దగ్గర అంకె మాంసం అంకెకు సరిపోలదు. లోతుగా గుచ్చి, నెమ్మదిగా వెనక్కి లాగుతూ, కనిపించిన అన్నిటికంటే తక్కువ అంకెనే లెక్కలోకి తీసుకోండి. షీక్ కబాబుకైతే చివర నుంచి పొడవునా గుచ్చాలి, లోపలి ఇనుప సీకుకు తగిలిందా అది చూపేది ఇనుము వేడే. గడియారం ముల్లులాంటి డయల్ ఉన్న రకం అయితే దాని కొన ఒక్కటే కాదు, కింది ఐదారు సెంటీమీటర్ల కడ్డీ మొత్తం వేడిని చదువుతుంది. కోడి తొడలో అంత లోతు ఎక్కడుంది? అది రాన్‌కు తప్ప పనికిరాదు. కొన దగ్గరే చదివే డిజిటల్ రకం కొనండి. గ్రిల్ మూతకు బిగించి వచ్చే డయల్‌ను అలంకారం కింద లెక్కేసుకోండి. అది మూత కింద చేరిన గాలి వేడిని చెబుతుంది. మాంసం ఉన్న జాలి దగ్గర వేడి ఇరవై ముప్పై డిగ్రీలు తేడాగా ఉండడం మామూలే. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరును కూడా ఒకరు గ్రిల్ మీద వాడటం చూశాను. దాని పరిధి మనిషి ఒంటి వేడి వరకే, పైగా అది చదివేది పైపొరను. లోపల ఏముందో దానికి అక్కర్లేదు.

ఇప్పుడు మీ మామగారి వంతు. నిప్పు, పొగ విషయంలో నేను ఏ యంత్రాన్నీ నమ్మను. జాలి దగ్గర 120 డిగ్రీలుందంటే ఉంది, కానీ ఆ 120 శుభ్రంగా మండే నిప్పు నుంచి వచ్చిందా, ఊపిరాడక ఉడుకుతున్న తడి కట్టె నుంచి వచ్చిందా అన్నది అంకె చెప్పదు. చిమ్నీలోంచి దట్టంగా, తెల్లగా, గొంతు పట్టేసే పొగ వస్తుంటే మాంసం చేదెక్కుతుంది. పలచగా, నీలంగా, ఉందో లేదో అన్నట్లు వస్తుంటే దాని కోసమే మనం కూర్చున్నది. వానాకాలంలో బొగ్గు చెమ్మ పట్టి చిటపటలాడుతుంది, ముందురోజు ఎండలో పోసి ఉంచాలి. మన దగ్గర దొరికే బొగ్గులో చాలావరకు సర్కారు తుమ్మ. అది అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్క, టెక్సాస్‌వాళ్లు మాంసం కాల్చడానికి వాడే మెస్కీట్‌కు దగ్గరి చుట్టం. ఘాటెక్కువ. బొగ్గుగా మంచిదే. పచ్చి కట్టెగా వేస్తే గంటలో మాంసాన్ని మింగేస్తుంది. పొగ కోసం ఎండిన జామ, మామిడి కట్టె ముక్కలు రెండు మూడు చాలు. బొగ్గుల మీద బూడిద ఎంత పట్టాక ముక్కలు పెట్టాలి, కొవ్వు కారి మంట లేచినప్పుడు ముక్కను ఎటు జరపాలి, ఏ వాసన మసాలా వేగుతున్నది, ఏది మాడుతున్నది: ఇవి ముక్కుకూ కంటికీ తెలియాలి. జాలి పైన జానెడు ఎత్తున అరచేయి పెట్టి రెండు మూడు లెక్కపెట్టేలోపు తీసేయవలసి వస్తే బోటీ కబాబుకు తగిన వేడి. ఐదారు దాకా ఆగగలిగితే తొడలకు. ఒక్కో చేతి ఓర్పు ఒక్కో రకం కాబట్టి ఈ లెక్క మీ చేతికి మీరే కట్టుకోవాలి.

పలచని ముక్కల దగ్గర కూడా థర్మామీటరుకు పని లేదు. పత్తర్ కా గోష్త్‌నే తీసుకోండి. ఆరో నిజాం వేటకు వెళ్లినప్పుడు సీకులు మరిచిపోతే రాయి మీద కాల్చారని కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా దక్కన్‌లో గ్రానైటుకు కొదవలేదు. ఆ పలక మీద అంత పలచని ముక్క, ములుకు స్థిరపడి అంకె చూపేలోపే ఉడికిపోతుంది. అక్కడ చూడవలసింది రాయిని: నీటి చుక్క పడితే పలకకు అంటుకుని మరిగిందా, పూసలా దొర్లిందా అన్నది. దొర్లే స్థితికి రాకముందు మాంసం పెడితే అది కాలదు, తన నీళ్లలో తాను ఉడుకుతుంది.

వచ్చే ఆదివారం రాన్‌కు ఇలా చేయండి. శుక్రవారం తెచ్చిన కాలుకు శనివారం రాత్రి మసాలా పట్టించండి. లోతుగా గాట్లు పెడితే పైనున్న క్రిములు లోపలికి పోతాయి, అందుకే గాట్లు పెట్టిన కాలుకు 63 అన్న లెక్క వర్తించదు. మనం 90కి తీసుకెళ్తాం కాబట్టి భయం లేదు. బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టి, మాంసం రెండో పక్కన పెట్టి, జాలి దగ్గర 120 ఉండేలా గాలి రంధ్రాలు సర్దండి. లోపల 65, 70కి వచ్చాక అంకె కదలడం మానేస్తుంది. గంట గడిచినా అక్కడే ఉంటుంది. థర్మామీటరు పాడైందని చాలామంది తట్టి చూసేది ఇక్కడే. అది పాడవలేదు. మాంసంలోంచి ఊరే తడి ఆవిరవుతూ, వస్తున్న వేడినంతా పట్టుకుపోతోంది, మనకు చెమట పట్టి చల్లబడినట్లే. కంగారుపడి నిప్పు పెంచకండి. ఆ దశలో రాన్‌ను ఒక గరిటె నెయ్యి, మిగిలిన మసాలాతో అల్యూమినియం రేకులో గట్టిగా చుట్టి మళ్లీ పెట్టండి. మేక కాలుకు కొవ్వు తక్కువ, చుట్టకపోతే ఎండిపోతుంది. మొత్తం ఐదారు గంటలు అనుకోండి. అతిథులకు మాత్రం ఒక గంట ఆలస్యంగా రమ్మని చెప్పండి.

88 దాటాక అంకెను చూడటం తగ్గించి ములుకు ఎలా దిగుతోందో చూడండి. ఒక కాలు 90కే లొంగుతుంది, ముదురు మేకదైతే 96 దాకా మొండికేస్తుంది. రెండు మూడు చోట్ల గుచ్చినప్పుడు ఎక్కడా పట్టుకోకుండా దిగితే దించేయండి. ఈ నిర్ణయం మీ మామగారిని తీసుకోనివ్వండి, ఆయన చేయి మీ కంటే ముందే కనిపెడుతుంది.

ఇంకో అలవాటు చేసుకోండి. ముక్క దించబోయే ముందు, ములుకు గుచ్చక ముందు, ‘లోపల ఎంత ఉంటుంది?’ అని ఆయన్నీ అడగండి, మీరూ ఒక అంకె చెప్పండి. తరువాత గుచ్చి చూడండి. నా దగ్గర పనికి చేరే కుర్రాళ్లందరికీ నేను పెట్టే పని ఇదే. మొదట్లో పదిహేను డిగ్రీలు తప్పుతారు, కొన్నాళ్లకు మూడు నాలుగు డిగ్రీల లోపలికి వస్తారు. వట్టి అనుభవంతో అయితే తప్పు ఎక్కడ జరిగిందో తెలియడానికి తిన్నవాళ్ల ముఖాలు చూడవలసిందే, ఫంక్షన్‌లో ముఖం చూసి నిజం చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. అలా తయారైన కుర్రాళ్లకు కూడా కోడి, కీమా మాత్రం గుచ్చి చూడకుండా బయటికి పంపే అనుమతి లేదు. నాకూ లేదు.

ఎండాకాలంలో చేస్తుంటే ఒక జాగ్రత్త. మసాలా పట్టించిన మాంసాన్ని డాబా మీద పెట్టి నిప్పు రాజేస్తూ కూర్చోకండి. బయట 32 దాటితే ఫ్రిజ్ బయట గంటకు మించి ఉంచకూడదు. మన ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఏడింటికి కూడా అంత వేడి ఉంటుంది. నిప్పు సిద్ధమయ్యాకే గిన్నె పైకి తెప్పించండి. పచ్చి ముక్కలో దిగిన ములుకును తుడవకుండా ఉడికిన ముక్కలో గుచ్చడం కూడా అంతే ప్రమాదం. పక్కన ఒక గ్లాసులో బాగా మరిగిన నీళ్లు ఉంచుకుని ప్రతిసారీ కొన ముంచి తీయండి. డబ్బా భాగం మాత్రం తడవనివ్వకండి, ఇళ్లలో థర్మామీటర్లు పాడయ్యేది ఎక్కువగా అక్కడే.